సింహాచలం కొండకు ఏ వైపు ఇల్లు కట్టుకోవాలి?

ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణకు వచ్చేవాళ్లు తొలిపావంచా (కొండ కింది మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా దాదాపు 32 కిలోమీటర్లు తిరిగి మళ్లీ కొండ కిందికి చేరుకుంటారు. విశాఖలో స్థలం కొనాలనుకునేవాళ్లు ఒక్కసారైనా ఆ దారి మొత్తం చూడాలి. కొండ ఒకటే అయినా ఒక వైపు ఉప్పుగాలి, ఒక వైపు అడవి, ఒక వైపు ఫ్యాక్టరీలు, ఒక వైపు దేవస్థానం భూములు. గజం ధర, ఎండ, నీళ్లు, కాగితాల చిక్కులు అన్నీ వైపును బట్టి మారిపోతాయి.

స్థలం చూపించేవాళ్లు మనల్ని ముందుగా తీసుకెళ్లేది లేఅవుట్‌లో పై చివరకి. అక్కడ నిలబెట్టి సముద్రం చూపిస్తారు. నా సలహా ఏమిటంటే, కింద చివరకి వెళ్లి కాలువ ఎక్కడుందో చూడండి. కొండవాలు మీద ఇంటికి ముందు చూడాల్సింది వాన నీరు పోయే దారి, భూమి హక్కు. ఈ రెండూ బాగుంటే వాలు ఎంతో లెక్క వేసుకోవాలి. సముద్రం కనిపించడం వీటన్నిటి తర్వాతే. పేటల పోలిక కూడా ఇదే వరసలో చేస్తాను.

వాలు, మట్టి: ఏ వైపు వెళ్లినా చూడాల్సినవి

మన కొండలన్నీ తూర్పు కనుమల్లోవే, ఎక్కువ భాగం ఖొండలైట్ రాయి. గట్టిగా ఉన్నచోట దీన్ని పగలగొట్టడానికి బ్రేకర్ పెట్టాల్సిందే. గాలికి, వానకి శిథిలమైన చోట మాత్రం ఇది ఎర్రటి జిగురు మట్టిగా, మధ్యమధ్యలో తెల్లటి సుద్దలా మారిపోతుంది. ఎండాకాలంలో చూస్తే గోడలా నిటారుగా నిలబడి ఉంటుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పెళ్లలు పెళ్లలుగా జారుతుంది. రాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి ఆ పొరలు ఎటు వాలి ఉన్నాయన్నది కూడా ముఖ్యమే. కొండను తొలిచిన చోట పొరలు మీ స్థలం వైపు వాలి ఉంటే, పైనున్న రాయి మీ వైపే జారే వీలుంటుంది. పొరలు కొండ లోపలికి వాలి ఉంటే కొంత నయం. ఇది చూడటానికి ఇంజనీరే రానక్కర్లేదు. లేఅవుట్‌లో రోడ్డు కోసం కొండను కోసిన చోటికి వెళ్లి, ఒక ముక్క ఊడదీసి చేత్తో నలిపి చూడండి. గడ్డపార దిగకపోతే మంచి నేల. వేళ్ల మధ్య పిండిలా రాలిపోతే సాయిల్ టెస్ట్ రిపోర్ట్ చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇంకో సంగతి, వాలు మీద వేసిన లేఅవుట్లలో చాలా ప్లాట్లు సగం కోసినవి, సగం పూడ్చినవి. జేసీబీతో పై భాగం కోసి, ఆ మట్టినే కింది భాగంలో పోసి చదును చేస్తారు. పైకి అంతా ఒకే ఎర్ర గ్రావెల్‌లా కనిపిస్తుంది. కొమ్మాది దాటాక ఒక లేఅవుట్‌లో మా బంధువుల కోసం స్థలం చూడటానికి వెళ్లినప్పుడు వెంట ఒక ముసలి మేస్త్రీని తీసుకెళ్లాను. ఆయన ప్లాట్ కింది మూలన గునపంతో రెండు మూడు చోట్ల పొడిచాడు. గునపం మూరెడు లోతు సులువుగా దిగిపోయింది. పై మూలన పొడిస్తే టంగుమంది. "బాబూ, ఇది పుట్టిన మట్టి కాదు, పోసిన మట్టి. ఇల్లు రెండు కాళ్లు రెండు చోట్ల పెట్టినట్టే" అన్నాడు. అలాంటి చోట అన్ని పునాదులూ ఒకే లోతులో వేస్తే పై సగం కదలదు, కింది సగం దిగుతుంది, మధ్యలో గోడలు పగుళ్లిస్తాయి. పోసిన మట్టి మొత్తం దాటి, గట్టి నేల తగిలేదాకా ఒక్కో పిల్లర్‌కి ఒక్కో లోతు వెళ్లాలి. ఆ ఖర్చు కలిపి చూసుకున్నాకే ఆ ప్లాట్ చవకో కాదో తేలుతుంది.

వాలు కొలవడానికి మేస్త్రీల దగ్గర ఉండే లెవెల్ పైపు చాలు. నీళ్లు నింపిన ఆ పారదర్శకమైన పైపు ఒక చివర పై హద్దు రాయి దగ్గర, ఇంకో చివర కింది హద్దు దగ్గర కర్రకి కట్టి పట్టుకుంటే ఎంత దిగుడో అంగుళాలతో సహా తెలిసిపోతుంది. 40×60 ప్లాట్ అనుకోండి, అంటే దాదాపు 267 గజాలు. 60 అడుగుల పొడవులో 6 అడుగులు దిగితే 10 శాతం వాలు. ఇది హాయిగా కట్టుకోదగ్గ స్థలం, కింద పార్కింగ్ కూడా దానంతట అదే కుదురుతుంది. 12 అడుగులు దిగితే 20 శాతం. అప్పుడు ఇంటిని మెట్లు మెట్లుగా, రెండు లెవెల్స్‌లో ప్లాన్ చేయించుకోవాలి. చదును చేసి కడదామంటే గోడలకే డబ్బంతా అయిపోతుంది. 18 అడుగులు దాటిందంటే, అంటే 30 శాతం, మామూలు మధ్యతరగతి బడ్జెట్‌తో ఇల్లు కట్టేవాళ్లు ఆ ప్లాట్ వదిలేయడమే మంచిది.

గోడల ఖర్చు అంత ఎందుకవుతుందో చెబుతాను. రిటైనింగ్ వాల్ ఎత్తు రెట్టింపయితే మట్టి తోపుడు నాలుగు రెట్లవుతుంది, గోడను పడదోసే బలం ఎనిమిది రెట్లవుతుంది. 5 అడుగుల గోడ కట్టిన అంచనాతో 10 అడుగుల గోడకి ధర ఒప్పుకునే కాంట్రాక్టర్ని నమ్మొద్దు. పైగా ఈ లెక్క పొడి మట్టికి. గోడ వెనక నీరు నిలిస్తే ఆ బరువు దీనికి అదనం. అందుకే గోడలో నీరు బయటికి పోయే పైపులు వదలాలి, వాటి వెనక కంకర పొర వేయాలి, ఆ నీరు పోవడానికి గోడ కింద కాలువ ఉండాలి. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం నాడు తెల్లవారకముందే, భారీ వానలో, సింహాచలం కొండ మీద కొత్తగా కట్టిన గోడ కూలి క్యూలో నిలబడ్డ ఏడుగురు భక్తులు చనిపోయారు. కొండ మీద గోడ అంటే ఎంత బాధ్యతో ఆ ఒక్క రోజు చాలు తెలియడానికి. మీ పై ప్లాట్ వాళ్ల గోడ కూడా మీ ఇంటి భద్రతలో భాగమే. దాంట్లో పైపులు ఉన్నాయా, వానాకాలంలో వాటిలోంచి నీరు కారుతోందా, లేక గోడ ఉబ్బి ఉందా అన్నది స్థలం కొనకముందే చూసుకోవాలి.

సముద్రం వైపు: ఎండాడ, సాగర్‌నగర్, రుషికొండ

అందరి కళ్లూ ఇటే. గీతం యూనివర్సిటీ, జూ, బీచ్ రోడ్డు, 2023 అక్టోబరులో మొదలైన ఇన్ఫోసిస్ కార్యాలయంతో సహా ఐటీ హిల్స్, అన్నీ దగ్గర. సాయంత్రం గాలి గురించి చెప్పక్కర్లేదు. మే నెలలో కూడా ఇక్కడ డాబా మీద కూర్చోవచ్చు.

అదే గాలికి ఇంకో ముఖం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటింది. గంటకు 185 కిలోమీటర్ల దాకా వీచిన ఆ గాలికి కంబాలకొండ అడవిలో చెట్లు మోడులైపోయాయి. నిర్మాణాల మీద గాలి ఒత్తిడి లెక్కగట్టే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖకు మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. కొండ శిఖరం దగ్గర, వాలును బట్టి, ఈ వేగాన్ని 1.36 రెట్ల దాకా పెంచి లెక్కించాలని అదే ప్రమాణం చెబుతుంది. ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, శిఖరం మీద ఇంటికి కొండ పాదంలో ఇంటికంటే 85 శాతం దాకా ఎక్కువ ఒత్తిడి తగలొచ్చు. నిలువెత్తు అద్దాల కిటికీలు, డాబా మీద రేకుల షెడ్డు, పెద్ద బాల్కనీకి గ్లాస్ రెయిలింగ్ పెట్టుకోవాలని ఉంటే ఈ లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రాయించుకోండి. సముద్రానికి ఎదురుగా శిఖరం మీద కంటే, వాలు మధ్యలో వెనక కొండ ఆసరా ఉన్న ప్లాట్ నాకు నచ్చుతుంది. అక్కడి నుంచీ సముద్రం కనిపిస్తుంది.

రెండోది ఉప్పు. సాగర్‌నగర్‌లో పాతిక ముప్ఫై ఏళ్ల ఇళ్ల బాల్కనీల కింద తలెత్తి చూడండి. స్లాబు పెచ్చులూడి, తుప్పుపట్టి ఉబ్బిన ఊచలు బయటికి కనిపించే ఇళ్లు ఉంటాయి. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతపు గాలికి ఎదురుగా ఉండే కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు బలం, ఊచల మీద 45 మి.మీ. కవర్, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. మన దగ్గర మేస్త్రీలు అలవాటుగా స్లాబుకి 20 మి.మీ. కవర్ బ్లాకులే పెట్టేస్తారు. ఇటు కట్టేవాళ్లు 45 మి.మీ. బ్లాకులు ముందే తెప్పించి పెట్టుకోండి, స్లాబు వేసే ముందు రోజు మీరే వెళ్లి చూసుకోండి. ఇనుప గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, గీజర్లు కూడా ఇటు త్వరగా పాడవుతాయి. ఇది ఏటా అయ్యే ఖర్చు. కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

నీళ్ల సంగతికొస్తే, తీరానికి దగ్గరైన కొద్దీ బోరు నీటిలో ఉప్పదనం భయం ఉంటుంది. లేఅవుట్‌కి జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి కనెక్షన్ ఉందా, లేక "వస్తుంది" అంటున్నారా అని చూసుకోండి. తీరంలో నిర్మాణాలపై ఆంక్షలుండే సీఆర్‌జెడ్ పరిధి ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి బీచ్ రోడ్డు పక్క స్థలమైతే ప్లాన్ కంటే ముందు ఆ మ్యాప్‌లో మీ సర్వే నంబరు ఎక్కడుందో తేలాలి.

ఇన్ని ఖర్చులకూ సిద్ధపడేవాళ్లకు ఈ వైపు ఇల్లు నిజంగా ఆనందమే. ఉన్న డబ్బంతా స్థలానికే పోసి, ఇల్లు పొదుపుగా కడదాం అనుకునేవాళ్లకు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. పొదుపు కాంక్రీటుకి తీరం తగదు.

మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది

కంబాలకొండకీ ఐటీ హిల్స్‌కీ మధ్య, హైవేకి అటూ ఇటూ పరుచుకున్న ప్రాంతం ఇది. సముద్రానికి అడ్డంగా చిన్న కొండలు ఉండటంతో ఉప్పు దెబ్బ తగ్గుతుంది, గాలి మాత్రం తగులుతూనే ఉంటుంది. హైవేకి పడమర వైపు ప్లాట్లలో మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు దాటేసరికి కొండ నీడ పడుతుంది. పడమటెండ అంటే ఏమిటో తెలిసిన వాళ్లకి దీని విలువ తెలుస్తుంది. స్కూళ్లు, స్టేడియం, షాపులు, బస్సులు అన్నీ కుదురుకున్నాయి. భోగాపురం విమానాశ్రయం ఈ దారిలోనే. మెట్రో ప్రతిపాదనలో కూడా కొమ్మాది పేరుంది, కానీ కాగితం మీద ఉన్న మెట్రోకి గజానికి ఇంత అని అదనం కట్టొద్దు.

ఇక్కడ ప్రధానంగా చూడాల్సినవి గెడ్డలు, అంటే కొండ వాగులు. కంబాలకొండ మీద పడిన వాన ఈ గెడ్డల్లోంచే సముద్రానికి పోవాలి. ఎండాకాలంలో గెడ్డ అంటే తుప్పలు మొలిచిన చిన్న గుంటలా ఉంటుంది, దాని మీదుగా లేఅవుట్ రోడ్డు వేసేసి రెండు సిమెంటు తూములు పెట్టేస్తారు. అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు ఆ రెండు తూములూ చాలవు. గ్రామ పటంలో, సర్వే కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీలో గెడ్డ గీత ఎక్కడుందో చూసి, నేల మీద దాని దారి వెతకండి. పటంలో గీత ఉండి నేల మీద గెడ్డ కనిపించకపోతే అది ఎవరో ఒకరి ప్లాట్ కింద ఉన్నట్టే. ఇంకో మంచి పద్ధతి, ఆ వీధిలో పాత ఇంటివాళ్లని "హుద్‌హుద్ అప్పుడు నీళ్లు ఎంతదాకా వచ్చాయమ్మా?" అని అడగడం. గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు.

కాగితాల విషయంలో ఇటు ఏమరపాటు పనికిరాదు. మధురవాడ, కొమ్మాది ప్రాంతాల్లో భూరికార్డులు తారుమారయ్యాయన్న ఆరోపణల మీద 2017లో ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసింది. ప్రభుత్వం పేదలకు కేటాయించిన డీ పట్టా భూములు, మాజీ సైనికులకిచ్చిన భూములు, కొండ పోరంబోకు, గెడ్డ పోరంబోకు అన్నీ ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఇటీవలి అడంగల్ (గ్రామ భూమి రికార్డు) ఒక్కటి చూసి తృప్తి పడొద్దు. పాత రికార్డైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఆ సర్వే నంబరు మొదట్లో ఏ వర్గీకరణలో ఉందో చూడాలి. అక్కడ "కొండ" అనో "గయాలు" (ఎవరి సాగులోనూ లేని భూమి) అనో ఉంటే, మధ్యలో అది జిరాయితీ (సొంత పట్టా భూమి) ఎలా అయిందో చెప్పే కాగితం అడగాలి. మాజీ సైనికుల భూమి అయితే అమ్ముకోవడానికి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉందా అని చూడాలి. తర్వాత రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా, ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు. అమ్మకందారు తరఫు లాయరు కాకుండా మీ లాయరు చూడాలి. ఆ ఫీజు దగ్గర వెనకాడొద్దు.

కొండ అంచున ఆఖరి వరస ప్లాట్ తీసుకుంటే అవతల కంబాలకొండ అభయారణ్యం. ప్రశాంతత, పక్షులు, పచ్చదనం ఎంత నిజమో పాములూ అంతే నిజం. రిజర్వు ఫారెస్ట్ హద్దు రాళ్లు ఎక్కడున్నాయో అటవీ శాఖ పటంతో సరిచూసుకోవాలి. హద్దు గోడ రెండు గజాలు అటు జరిగినా ఆ తగువు పిల్లల దాకా నడుస్తుంది.

లోయలో: ఆరిలోవ, ముడసర్లోవ, అడవివరం

ఊరికి ఇంత దగ్గరగా ఇంత చల్లటి చోటు ఇంకోటి లేదు. రెండు వైపులా కొండలు, మధ్యలో ముడసర్లోవ రిజర్వాయరు, సముద్రం దూరంగా ఉండటంతో ఉప్పు బాధ తక్కువ. హనుమంతవాక దగ్గర విమ్స్ ఆసుపత్రి, హెల్త్ సిటీలో కార్పొరేట్ ఆసుపత్రులు. ఇంట్లో వయసు పైబడిన అమ్మానాన్నలు ఉన్నవాళ్లకి ఇది చాలా పెద్ద సౌకర్యం.

మరి ధర ఎందుకు తక్కువ చెబుతారు? పంచగ్రామాలు. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం, ఈ ఐదు గ్రామాల్లో సింహాచలం దేవస్థానానికి, అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లకి మధ్య భూ వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. ప్రతి ఎన్నికలోనూ హామీ అవుతుంది. కొన్న ఇంటిని అమ్ముకోలేక, లోను రాక, పాత ఇంటిపై అంతస్తు వేసుకోవడానికి అనుమతి రాక అక్కడి కుటుంబాలు పడుతున్న వేదన చిన్నది కాదు. వాళ్లకి న్యాయం జరగాలని మనసారా కోరుకుంటాను. అలాగని "రేపో మాపో క్లియర్ అవుతుంది" అన్న మాట మీద కొత్తగా మీరు వెళ్లి అందులో చేరొద్దు. నోటరీ కాగితం మీద, స్టాంపు పేపరు అగ్రిమెంటు మీద అమ్మే స్థలాలు ఇటు తగులుతుంటాయి. రిజిస్ట్రేషన్ కాని స్థలం ఎంత చవకైనా మనకి వద్దు.

అలాగని లోయ మొత్తాన్ని వదిలేయనక్కర్లేదు. ఆరిలోవ వైపు, దేవస్థానం జాబితాలో లేని సర్వే నంబర్లలో, జీవీఎంసీ ప్లాన్‌తో బ్యాంకు లోను వచ్చిన ఇళ్లు ఉన్నాయి. మీ స్థలానికి ఏదైనా ప్రభుత్వ బ్యాంకు లీగల్ ఒపీనియన్ ఇచ్చి లోను మంజూరు చేస్తుందేమో ముందు కనుక్కోండి. లోను అవసరం లేనివాళ్లు కూడా ఈ పని చేయాలి.

పడమర: గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి

తక్కువ బడ్జెట్, ఎన్ఏడీ వైపు ఉద్యోగం, పల్లెతో ఇంకా తెగని సంబంధం ఉన్నవాళ్లు ఇటు చూస్తారు. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు వరసల రోడ్డు పడ్డాక పెందుర్తి నుంచి ఎటు వెళ్లాలన్నా సులువైంది. సముద్రపు ఉప్పు ఇక్కడికి పెద్దగా చేరదు, ఇనుము మన్నుతుంది.

గాలి కూడా చేరదు, ఇబ్బంది అక్కడే. కొండ తూర్పున అడ్డంగా ఉండటంతో సముద్రపు గాలి తగ్గుతుంది, వాలు పడమరకి ఉంటుంది కాబట్టి సాయంత్రం ఎండంతా ఇంటి ముఖం మీదే. వేడెక్కిన రాయి రాత్రి తొమ్మిది దాటినా సెగ వదులుతూనే ఉంటుంది. ఇటు కట్టేవాళ్లు పడమర వైపు వరండా, మెట్లు, బాత్‌రూములు పెట్టి, పడక గదులు తూర్పుకి జరుపుకోవాలి. డాబాకి కూల్ రూఫ్ పూత తప్పనిసరి.

దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన ఈ కొండల వరస, మధ్యలో పళ్లెంలాంటి పల్లంలో పోర్టు, రిఫైనరీ, ఫ్యాక్టరీలు. చలికాలంలో ఆ పొగ త్వరగా కదలదు. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. కాబట్టి ఇటు స్థలం చూసేటప్పుడు రెండు మూడు కిలోమీటర్ల పరిధిలో ఏ ఫ్యాక్టరీ ఉంది, అది ఏం నిల్వ చేస్తుంది అని అడగడం మన హక్కు.

గోపాలపట్నంలో కొండను ఆనుకున్న వీధుల గురించి విడిగా చెప్పాలి. 2024 సెప్టెంబరు వానలకి అక్కడ మట్టి జారి, కొండవాలు ఇళ్ల నుంచి మనుషుల్ని ఖాళీ చేయించారు. నిటారు వాలు, ఇరుకు సందులు, పైన ఇంకా పైకి ఇళ్లు. అలాంటి చోట మీ ఇల్లు ఎంత గట్టిగా కట్టినా పైవాడి గోడ మీద ఆధారపడాల్సిందే. పెందుర్తి వైపు పాదంలో ఉన్న సాఫీ వాలు దీనికంటే ఎంతో మేలు. ఇంకొకటి, నౌకాదళపు ఐఎన్ఎస్ డేగా ఎయిర్‌ఫీల్డ్ దగ్గర్లో భవనాల ఎత్తు పరిమితిని సముద్రమట్టం నుంచి లెక్కిస్తారు. కొండ మీద స్థలమైతే ఆ పరిమితిలో కొండ ఎత్తే కొంత తినేస్తుంది. పైన రెండో అంతస్తు వేసుకునే ఆలోచన ఉంటే ఎన్ఓసీ సంగతి ముందే కనుక్కోండి.

మిగతావి క్లుప్తంగా

సీతమ్మధార, మాధవధార, కైలాసపురం కొండ అంచులు ఊరి నడుమనే ఉన్నాయి. ఖాళీ స్థలం దొరకడం కష్టం, దొరికితే పాత ఇల్లు కూల్చి కట్టడమే. రోడ్డు వెడల్పు చూసుకోండి, మిక్సర్ లారీ, ఫైర్ ఇంజను తిరగలేని సందులో వాలు మీద ఇల్లు కట్టడం పెద్ద టెన్షన్. కాపులుప్పాడ, భీమిలి వైపు తీరం అందమైనదే. కాకపోతే కాపులుప్పాడలో జీవీఎంసీ డంపింగ్ యార్డు ఉంది, గాలి అటు నుంచి వీచే రోజున కూడా ఒకసారి వెళ్లి నిలబడి చూడండి. ఎర్రమట్టి దిబ్బల చుట్టుపక్కల ప్లాట్ల జోలికి వెళ్లకండి. అది కాపాడుకోవాల్సిన భూవారసత్వ సంపద. పైగా గట్టిపడని ఆ ఇసుకలో వాన నీరు లోతైన గండ్లు కొడుతుంది.

వాస్తు గురించి ఎలాగూ అడుగుతారు. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం కావాలనుకునేవాళ్లకి కొండకు తూర్పు వైపు స్థలాలు దానంతట అవే సరిపోతాయి, ఎండాడ, మధురవాడ పడమర వీధుల్లో ధర ఎక్కువ పలకడానికి అదీ ఒక కారణం. పడమర వాలు స్థలాల్లో నైరుతి పల్లమవుతుంది. దాన్ని మట్టి పోసి ఎత్తు చేయాలని చూడటం మాత్రం ప్రమాదం. ఇంట్లో బరువైన మూలని వదులు మట్టి మీద కూర్చోబెట్టినట్టవుతుంది. అక్కడ పిల్లర్లు గట్టి నేలలోకి దించి, మట్టి పోయకుండా గది ఎత్తుగా కట్టుకుంటే వాస్తు చెప్పేవాళ్లు కూడా చాలామంది ఒప్పుకుంటారు.

నన్ను ఒకే పేరు చెప్పమంటే, మధురవాడ–కొమ్మాది మధ్య హైవేకి పడమర, కొండ పాదానికి కాస్త ఇవతల, 10 శాతం లోపు వాలున్న పుట్టిన మట్టి ప్లాట్ చెబుతాను. ఆఖరి వరస వద్దు, గెడ్డ పక్కన వద్దు. ఇంట్లో పెద్దవాళ్ల వైద్యం ముఖ్యమైతే, హక్కు తేలిన ఆరిలోవ స్థలం దీనికంటే ముందు. ఉద్యోగం పడమటి వైపు ఉండి రోజూ గంటన్నర రోడ్డు మీద గడపడం ఇష్టం లేకపోతే పెందుర్తి పాదం. ఎండాడ, రుషికొండ ఎప్పుడంటే, స్థలం కొన్నాక కూడా మంచి కాంక్రీటుకి, ఏటా మరమ్మతులకి చేతిలో డబ్బు మిగిలితేనే.

ఏ వైపు తీసుకున్నా స్థలం చూడటం సెప్టెంబరు, అక్టోబరుల్లో, వాన పడుతున్నప్పుడు చూడండి. తుపాన్ల కాలం దాటాక డిసెంబరులో పని మొదలుపెట్టి ముందు రిటైనింగ్ వాల్, దాని కాలువ పూర్తి చేయించండి, తర్వాతే ఇంటి పునాది తవ్వించండి. చాలామంది ఇల్లు అయిపోయాక ఆఖర్లో గోడ చూద్దాం అనుకుంటారు. కాంట్రాక్టర్‌తో అగ్రిమెంటులో గోడ ఎత్తు, మందం, పైపుల మధ్య దూరం, వెనక కంకర పొర విడి ఐటమ్స్‌గా రాయించి, జూన్‌లో రుతుపవనాలు రాకముందే ఆ పని ముగియాలని తేదీ వేయించండి.